స్వచ్ఛవాణిని తీసేసిన రోజు

ఆ పొద్దున కంప్యూటరు తెరవగానే భుజంగరావుకి ఒళ్ళు మండిపోయింది.

తెర రంగు మారిపోయి ఉంది. కింద వరసలో ఉండాల్సిన బొమ్మలు మధ్యకొచ్చి కూర్చున్నాయి. అదైనా సరే అనుకోవచ్చు. మెషిన్ లేచీ లేవగానే ఒక తెల్లటి పెట్టె వచ్చి ఎదురుగా నిలబడింది. స్వచ్ఛవాణి పనిచేయడం ఆగిపోయింది అని అందులో రాసి ఉంది. మూసేశాడు. మళ్ళీ వచ్చింది. మూశాడు. మళ్ళీ వచ్చింది.

గురువమ్మ ప్రసంగం ఒకటి తెరవబోయాడు. అదే పెట్టె. ఇంకొకటి నొక్కాడు. అదే పెట్టె.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?" వరండాలోకి వచ్చి అరిచాడు.

ఆశ్రమం పెద్దదేం కాదు. మార్కాపురం దాటాక, రోడ్డుకి కాస్త లోపలగా, రేకుల కప్పు వేసిన ఒక హాలు, వంటిల్లు, పక్కనే వరసగా కొన్ని గదులు. ఒకరు అరిస్తే అందరికీ వినబడుతుంది. వంటింట్లో దోసకాయలు తరుగుతున్న ఇందుమతి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఆశ్రమానికి వచ్చే ఫోన్లూ, వచ్చేపోయేవాళ్ళ బసా అన్నీ ఆమే చూసుకుంటుంది.

"నేనే అన్నయ్యా. పాత సిస్టమ్‌కి ఇక రక్షణ ఉండదు, అప్‌గ్రేడ్ చేసుకోండి అని రోజూ వస్తోంది. నిన్న సాయంత్రం సరే అని నొక్కాను."

"నొక్కేముందు నన్ను అడగాలని తెలీదా?"

"మీరు ఒంగోలు వెళ్ళారు కదా."

"ఫోన్ లేదా నా దగ్గర? వంటింట్లో గరిట తిప్పినట్టు తిప్పేద్దామనుకున్నావా? నువ్వేం పాడుచేశావో నీకు అర్థమవుతోందా అసలు?"

హాల్లో చాపలు దులుపుతున్నవాళ్ళు చేతులు ఆపి చూస్తున్నారు. ఇందుమతి ముఖం ఎర్రబడింది. లోపలికి వెళ్ళిపోయింది. భుజంగరావు గదిలోకి వచ్చి తలుపు ధడాలున వేసుకున్నాడు.

అతని కోపానికి కారణం ఉంది.

ఆ ఆశ్రమానికి గురువు నాంచారమ్మ గారు. అందరూ గురువమ్మ అంటారు. ఒకప్పుడు చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పిన మనిషి. రిటైరయ్యాక అచల బోధ, అంటే కదలిక లేని పరతత్వం గురించిన మాట, చెప్పటం మొదలుపెట్టారు. వేదిక లేదు, పీఠం లేదు. హాల్లో గోడకి ఆనుకుని కూర్చుని, ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడుతున్నట్టే మాట్లాడేవారు. భుజంగరావు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానుకుని వచ్చింది ఆ మాట కోసమే. వచ్చిన దగ్గర్నుంచి ఆమె మాట్లాడిన ప్రతి మాటా రికార్డు చేశాడు.

కిందటేడు ఆమె గొంతుకి ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది కానీ గొంతు పోయింది. ఇప్పుడు పక్కనే కూర్చుంటే తప్ప వినపడనంత సన్నగా, ఒకటీ అరా మాట అంటారు. అంతే. ఆ గొంతు ఇక ఆ కంప్యూటర్లోనే ఉంది.

స్వచ్ఛవాణి భుజంగరావు సొంతంగా రాసిన ప్రోగ్రాం. రేకుల కప్పు కింద చేసిన రికార్డింగుల్లో ఏముంటాయి? కాకులు, లారీలు, వంటింటి గిన్నెలు, ముక్కులు చీదటం, దగ్గులు. ఏ ఫైలు తెరిచినా ముందు స్వచ్ఛవాణి దాన్ని అందుకుని, గురువమ్మ గొంతు తప్ప మిగతాదంతా అణిచేసి వినిపించేది. వేరే చోటికి కాపీ చేయబోయినా సరే, మధ్యలో అది ఉండాల్సిందే. అలా రాశాడు. శుద్ధి చేయని గొంతు ఆశ్రమం గడప దాటకూడదని అతని పట్టుదల. దాన్ని రాయటానికి తిండీ నిద్రా మానుకున్నాడు. విన్నవాళ్ళు, గుహలో కూర్చుని ఒక్కళ్ళమే వింటున్నట్టుంది అనేవారు. ఆ మాట అన్నప్పుడల్లా అతనికి లోపల చల్లగా ఉండేది.

ఇప్పుడు కొత్త సిస్టమ్ స్వచ్ఛవాణిని నడవనివ్వటం లేదు. స్వచ్ఛవాణి ఫైళ్ళను తెరవనివ్వటం లేదు.

పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్ళచ్చని ఒక చోట రాసి ఉంటే అదీ నొక్కి చూశాడు. మెషిన్ సగం దూరం వెళ్ళి, ఏమనుకుందో ఏమో, మళ్ళీ కొత్తదానికే వచ్చి కూర్చుంది. అతను పళ్ళు నూరుకుంటూ తన ప్రోగ్రాంని బాగుచేయటానికి దిగాడు. ఒక చోట అతుకు వేస్తే ఇంకో చోట తెగేది. హైదరాబాదులో పాత స్నేహితుడికి ఫోన్ చేశాడు.

"దాన్ని పీకి పారెయ్ గురూ," అన్నాడు స్నేహితుడు. "నీ ఫైళ్ళకేం కాలేదు. అడ్డం కూర్చుంది అదే. అది పోతే మామూలు ప్లేయర్లోనే మోగుతాయి."

"నీ సలహా ఎవడడిగాడు?" అని భుజంగరావు ఫోన్ పెట్టేశాడు.

ఆ సంగతి అతనికి తెలియక కాదు. మొదటి రోజే తెలుసు.

అదే మాట ఇందుమతి కూడా అంది. టీ తెచ్చి బల్ల మీద పెడుతూ, భయం భయంగానే, "అది తీసేస్తే మామూలుగా వస్తాయేమో అన్నయ్యా" అంది. భుజంగరావు టీ గ్లాసుని పక్కకి నెట్టాడు. టీ బల్ల మీద ఒలికి కీబోర్డు దాకా వచ్చింది.

"అది నీకు చెత్తలా కనబడుతోందా? అమ్మ గొంతుని కాపాడింది అది. నీకేం తెలుసు? ఇంకోసారి ఈ గదిలో అడుగుపెట్టావంటే బాగుండదు."

ఆ రోజు నుంచి ఇందుమతి హాల్లో అందరితో కూర్చుని తినటం మానేసింది. వడ్డించి, వంటింట్లోకి వెళ్ళి ఒక్కతే తినేది. భుజంగరావు అన్నం ముందు కూర్చుని ఉప్పు ఎక్కువైందని కస్సుమనేవాడు. చాపలు వంకరగా పరిచారని అరిచేవాడు. గోడ మీద వాలిన కాకిని రాయి పుచ్చుకుని తరిమాడు. గురువమ్మ గోడకి ఆనుకుని ఇదంతా చూస్తూ ఉండేవారు. ఏమీ అనలేదు. అనటానికి గొంతు లేదు కదా అని అందరూ అనుకున్నారు.

ఈ గొడవలో ఉండగానే నాగరత్నం వచ్చింది.

నాగరత్నం కోటిలింగం కూతురు. కోటిలింగం వయసంతా పలకల గనుల్లో రాయి కొట్టిన మనిషి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. ఆశ్రమానికి చాలా ఏళ్ళుగా వచ్చేవాడు. వస్తే దగ్గేవాడు. మాట మాటకీ దగ్గేవాడు. రికార్డింగ్ మీద కూర్చునే భుజంగరావుకి ఆ దగ్గంటే అరికాలి మంట నెత్తికెక్కేది. కోటిలింగాన్ని ముందు వరస నుంచి వెనక్కి, వెనక నుంచి గుమ్మం దగ్గరికి, గుమ్మం నుంచి వరండాలోకి జరిపాడు. ఈ మధ్య కోటిలింగం రావటం లేదు. మంచం పట్టాడు.

"నాన్నకి బాలేదు సార్," అంది నాగరత్నం. "గురువమ్మ మాట ఒకటి వినాలంటన్నాడు. ఆయన ఒకరోజు ఏదో అడిగితే అమ్మ చెప్పిందంట. ఆ రోజుది కావాలంట."

భుజంగరావు గుర్తు చేసుకోవటానికి చూశాడు. ప్రసంగాలన్నీ అతనికి కంఠతా వచ్చు. కోటిలింగం అడిగింది, అమ్మ చెప్పింది ఎక్కడా లేదు.

"అలాంటిది లేదమ్మా. మీ నాన్న ఏదో అనుకుని ఉంటాడు."

"ఉందంట సార్. అమ్మ నవ్విందంట కూడా."

"లేదని చెబుతున్నానా? ఉన్నా ఇప్పుడు ఏదీ మోగదు. మెషిన్ పాడైంది. బాగయ్యాక చూద్దాం, పో."

ఆమె వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ఈసారి గది గుమ్మంలోనే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంటికి తీసకపొమ్మన్నారు సార్ డాక్టర్లు. గాలి యంత్రం పెట్టి పంపారు. ఆ మాట ఏమైందే అని పొద్దున్నుంచీ అడగతన్నాడు. బాగైందా సార్?"

అప్పుడే భుజంగరావు వేసిన అతుకు మళ్ళీ తెగింది. తెల్లటి పెట్టె వచ్చి నిలబడింది. అతని బుర్రలో ఏదో తెగింది.

"నేను మనిషినా మెషిన్నా? మీ నాన్నకి తోచినప్పుడల్లా నొక్కి వినిపించటానికి? ఉన్నన్నాళ్ళూ దగ్గి దగ్గి ఒక్క రికార్డింగు సవ్యంగా ఉండనిచ్చాడా? ఇప్పుడు ఆయన కోసం నేను..."

మాట సగంలో ఆగింది. గుమ్మం అవతల కర్ర చప్పుడయింది.

గురువమ్మ ఆ గదిలోకి ఎప్పుడూ రాలేదు. ఈ రోజు వచ్చారు. నాగరత్నం భుజం మీద చెయ్యి వేసి, లేపి, హాల్లో కూర్చోమని సైగ చేశారు. తర్వాత లోపలికి వచ్చి, భుజంగరావు కుర్చీ దగ్గర నిలబడ్డారు. అతను లేచాడు. ఆమె ఆ కుర్చీలో కూర్చుని, కర్రని బల్లకి ఆనించి, తెర మీది తెల్లటి పెట్టెని కాసేపు చూశారు.

"తీసెయ్," అన్నారు.

భుజంగరావు చేతులు కట్టుకున్నాడు. గురువు ముందు కూడా అతనికి కోపం ఆగలేదు.

"తియ్యనమ్మా. మీరు చెప్పినా తియ్యను. మీకు తెలీదు. ఇది లేకపోతే మీ మాట ఎవరికి వినబడుతుంది? గిన్నెలూ కాకులూ తప్ప. ఇప్పుడు మీరు ఎలాగూ మాట్లాడలేరు. ఉన్నదొక్కటే గొంతు. దాని మీద దుమ్ము పడకుండా ఇన్నేళ్ళు తుడిచాను. అందరూ కలిసి దీన్ని చెత్తబుట్టలో వెయ్యమంటారేం? నా కష్టానికి ఇదా విలువ?"

గురువమ్మ విన్నారు. వాదించలేదు. మౌస్ మీద చెయ్యి వేశారు. వేళ్ళు సన్నగా, ముడతలు పడి ఉన్నాయి. ఆమె జీవితంలో మౌస్ పట్టుకోవటం అదే మొదలు.

"నేను తీస్తా. నువ్వు చెప్పు."

గురువు అడిగింది చెప్పనని అనలేడు. తియ్యనన్నాడు కానీ, చెప్పనని అనలేదు.

"ఆ పసుప్పచ్చ బొమ్మ మీద నొక్కండి," అన్నాడు ముభావంగా.

బాణం తెరంతా తిరిగింది. పసుప్పచ్చ బొమ్మ దాటిపోయి మూలకి వెళ్ళింది. వెనక్కి వచ్చింది. ఆమె నొక్కారు. వేరేదేదో తెరుచుకుంది.

"అది కాదు!" అని గట్టిగా అనేశాడు.

గురువమ్మ తల తిప్పి అతని వైపు చూశారు. బడిలో ముందు బెంచీ మీద కూర్చున్న పిల్లలా చూశారు.

"నెమ్మదిగా చెప్పండి సార్," అన్నారు, ఊపిరి కలిసిన గొంతుతో.

అతను తల దించుకున్నాడు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు, ఈసారి కాస్త నెమ్మదిగా. స్వచ్ఛవాణి తనని తాను తీసేసుకోవటానికి ఒక దారి ఉండాలి. ఆ దారి కొత్త సిస్టమ్‌లో తెరుచుకోలేదు. కాబట్టి చేత్తోనే తియ్యాలి. ఏ ఫోల్డరో చూపించాడు. ఆమె దాన్ని ఎంచుకున్నారు. దీన్ని పూర్తిగా తొలగించాలా అని కంప్యూటరు అడిగింది. బాణం అవును మీద ఆగింది. ఆమె వేలు ఆగింది. ఆమె అతని వైపు తిరిగి ఎదురుచూశారు.

బయట ఎక్కడో లారీ గేరు మార్చిన చప్పుడు. హాల్లో నాగరత్నం ముక్కు చీదుకుంది.

"నొక్కండమ్మా," అన్నాడు.

నొక్కారు. ఫోల్డరు పోయింది. మెషిన్‌ని ఆపి మళ్ళీ లేపమన్నాడు. లేపారు. తెర వెలిగింది. తెల్లటి పెట్టె వచ్చి నిలబడింది.

"మళ్ళీ వచ్చింది," అన్నారు గురువమ్మ.

అది వస్తుందని భుజంగరావుకి తెలుసు. పైకి కనిపించేదాన్ని మాత్రమే చూపించాడు. ఒకసారి తీశాక అది మళ్ళీ వచ్చేసరికి ఆమెకి విసుగొచ్చి లేచిపోతారనుకున్నాడు. ఆమె లేవలేదు. కుర్చీలో ఇంకాస్త సర్దుకుని కూర్చున్నారు.

"ఎవరు రమ్మన్నారు దాన్ని?"

"నేనేనమ్మా." గొంతు సవరించుకున్నాడు. "ఎవరైనా పొరపాటున తీసేస్తారేమోనని... తీసేసినా దానంతటదే మళ్ళీ పుట్టేలా రాశాను. మెషిన్ లేవగానే లేచేలా రాశాను."

"పొరపాటున?"

అతను గోడ వైపు చూశాడు. వంటింట్లోంచి పోపు వాసన వస్తోంది.

"ఇందుమతి తీసేస్తుందేమోనని," అన్నాడు.

గురువమ్మ తల ఊపారు. తప్పు పట్టినట్టు కాదు, పిల్లవాడు లెక్క చెప్పినప్పుడు సరే తర్వాత అన్నట్టు.

"ఎన్నిచోట్ల దాచావు?"

"చాలాచోట్ల."

"ఒక్కొక్కటీ చెప్పు."

చెప్పాడు. పేరు మార్చి సిస్టమ్ ఫైళ్ళ మధ్య పడుకోబెట్టిన ముక్క ఒకటి ఉంది. మెషిన్ లేచినప్పుడల్లా మొదటి ముక్క ఉందా లేదా అని చూసి, లేకపోతే మళ్ళీ పెట్టే కాపలా ముక్క ఇంకొకటి. ఏ ఆడియో ఫైలు తెరిచినా ముందు తననే పిలవమని రాసిన ఆజ్ఞలు మరో చోట. కొన్ని అతనికే గుర్తులేవు. వెతుక్కోవాల్సి వచ్చింది. దొరికిన ప్రతిసారీ కంప్యూటరు అదే ప్రశ్న అడిగింది, ప్రతిసారీ ఆమె వేలు ఆగింది, ప్రతిసారీ ఆమె అతని వైపు తిరిగారు. అతను నోరు తెరిచి అనేదాకా నొక్కలేదు.

మొదట్లో అతను ఆ మాట విసిరేసినట్టు అన్నాడు. తర్వాత తర్వాత విసరటానికి ఓపిక లేకపోయింది. ఒకచోట, తను రాసిన మొదటి వరసలు కనబడ్డాయి. పేరు కింద గురువమ్మ పాదాలకు అని రాసుకున్నాడు. దాన్ని చూడగానే మళ్ళీ ఉక్రోషం పొంగుకొచ్చింది.

"ఇది మీ పేరు మీద రాసిందమ్మా."

"నా కాళ్ళు ఇక్కడే ఉన్నాయిగా," అన్నారామె. వేలు మౌస్ మీదే ఉంది.

అతను చాలాసేపు నిలబడ్డాడు. ఆమె చాలాసేపు కూర్చున్నారు.

"నొక్కండి," అన్నాడు.

మెషిన్ మళ్ళీ లేచింది. తెర మీద ఏ పెట్టే రాలేదు. ఖాళీగా, నీలంగా ఉంది. భుజంగరావు కళ్ళలోంచి నీళ్ళు కారాయి. అవి బాధవో కోపానివో అతనికే తెలియలేదు.

గురువమ్మ అతని చొక్కా అంచు పట్టుకుని దగ్గరికి లాగారు. "వాన," అన్నారు. "కోటిలింగం అడిగిన రోజు. రేకుల మీద వాన."

వాన పడ్డ రోజు అతనికి బాగా గుర్తుంది. ఆ రికార్డింగు మీద పడ్డంత కష్టం అతను దేని మీదా పడలేదు. రేకుల మీద వాన హోరుని తీసేయటానికి ఆ మధ్య భాగం చాలావరకు వినిపించకుండా కోసేయమని స్వచ్ఛవాణికి చెప్పాల్సి వచ్చింది కూడా. అసలు ఫైలు మాత్రం అలాగే ఉంది. వెతికి, ఫైలు మీద నొక్కాడు. మామూలు ప్లేయరు తెరుచుకుంది.

వాన.

గదంతా వాన. రేకుల మీద గులకరాళ్ళు పోసినట్టు. వంటింట్లో గిన్నె కింద పడ్డ చప్పుడు. ఎవరో చాప లాక్కుంటున్నారు. ఆ హోరు అడుగున గురువమ్మ పాత గొంతు, గలగలా, తెలుగు వాచకం చదివినట్టు స్పష్టంగా. హాల్లోంచి నాగరత్నం లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది. వంటింట్లోంచి ఇందుమతి వచ్చి ఆమె వెనక నిలబడింది.

అంతలో దగ్గు. కోటిలింగం దగ్గు. తెర మీద అలలు పైకి లేచాయి.

ఆ తర్వాత ఇంకో గొంతు, మైకుకి చాలా దగ్గరగా:

"ఎవరది? దగ్గుకుంటూ చావాలంటే ఇంట్లో చావచ్చు కదా. ఇక్కడ రికార్డింగు జరుగుతోంది."

భుజంగరావుకి ఆ గొంతు ఎవరిదో తెలియటానికి ఒక్క క్షణం పట్టింది.

వాన ఒక్కటే వినబడుతోంది. చాలాసేపటికి కోటిలింగం గొంతు, దూరంగా, వరండాలోంచి:

"తల్లీ, నా దగ్గుతో అందరికీ ఇబ్బందిగా ఉంది. నేను రాకుండా ఉండనా?"

అడగటం పూర్తికాకుండానే మళ్ళీ దగ్గు. ఆ దగ్గు మీదే గురువమ్మ గొంతు. సరిగ్గా అక్కడే స్వచ్ఛవాణి కోసేసింది. భుజంగరావు ఆ రోజు హాల్లోనే ఉన్నాడు. అరిచి, మళ్ళీ యంత్రం మీదికి వంగి, మీటలు తిప్పుకుంటూ ఉన్నాడు. తర్వాత కూడా ఎన్నోసార్లు ఈ ప్రసంగం విన్నాడు. ఈ మాట ఎప్పుడూ వినలేదు.

"దగ్గవయ్యా కోటిలింగం. నువ్వు దగ్గేటప్పుడు నేను ఆగుతాను. నువ్వు ఆగినప్పుడు నేను చెబుతాను. మనకేం తొందర?"

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. గురువమ్మ కూడా నవ్వారు, అప్పటి గొంతుతో. కోటిలింగం మళ్ళీ దగ్గాడు, ఆమె ఆగారు, వాన మాత్రం ఆగలేదు. దగ్గు తగ్గాక ఆమె ఎక్కడ వదిలారో అక్కడ్నుంచే అందుకున్నారు.

భుజంగరావు ప్లేయరు ఆపాడు. గుమ్మంలో ఉన్న ఇద్దరి వైపూ చూడలేకపోయాడు.

"అమ్మా," అన్నాడు, "నాగరత్నానికి ఇది ఇచ్చేస్తాను. ఆ ఒక్క మాట... నాది... అది తీసేసి ఇస్తాను."

గురువమ్మ కర్ర అందుకున్నారు. దాని మీద బరువు మోపి లేచారు.

"ఉంచు," అన్నారు. కర్ర చప్పుడు చేసుకుంటూ హాల్లోకి వెళ్ళిపోయారు.

ఫైలుని ఫోన్లోకి ఎక్కించటానికి కొత్త సిస్టమ్‌లో దారి ఏదో భుజంగరావుకి వెంటనే దొరకలేదు. ఇందుమతి ముందుకొచ్చి చూపించింది.

"ఇందుమతీ, ఆ రోజు నేను..."

"ఫోన్ ఇవ్వండన్నయ్యా," అంది ఆమె. ముఖం ఇంకా గంటు పెట్టుకునే ఉంది. ఫైలు ఎక్కేదాకా అక్కడే నిలబడింది. ఎక్కాక, "భోంచేసి వెళ్ళండి, వడ్డిస్తాను" అని కూడా అనలేదు. అతను అడగలేదు.

నాగరత్నంతో పాటు ఆటోలో వెళ్ళాడు. దారంతా ఆమె బయటికే చూస్తూ కూర్చుంది. అతనికి తన మీద కోపంగా ఉంది, ఆ కోపం మిగతా కోపాలంత సుఖంగా లేదు.

కోటిలింగం ఇల్లు ఊరి చివర. వాకిట్లో పలకరాళ్ళ ముక్కలు పరిచి ఉన్నాయి. లోపల మంచం మీద మనిషి సగమై ఉన్నాడు. ముక్కుకి గొట్టాలు, పక్కన గుర్రుగుర్రుమంటూ గాలి యంత్రం. భుజంగరావుని చూసి లేవబోయాడు. నాగరత్నం పట్టుకుని పడుకోబెట్టింది.

"సారు వచ్చాడా," అన్నాడు.

భుజంగరావు మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఫోన్ కోటిలింగం తలగడ దగ్గర పెట్టి నొక్కాడు.

వాన మొదలయింది. కోటిలింగం కళ్ళు మూసుకున్నాడు. గిన్నె పడింది, చాప లాగారు, అమ్మ గొంతు వచ్చింది, దగ్గు వచ్చింది. ఆ తర్వాత భుజంగరావు అన్న ఆ మాట వచ్చింది, ఆ ఇంట్లో, ఆ మంచం పక్కన. నాగరత్నం తల ఎత్తి భుజంగరావు వైపు చూసింది. అతను నేల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆపలేదు.

కోటిలింగం కళ్ళు తెరిచాడు. చెయ్యి కొంచెం పైకి లేపాడు.

"ఇదే," అన్నాడు ఆత్రంగా. "ఇదే రోజు. ఇదిగో, దీని తర్వాతే."

ఆ ఆత్రంలో అతనికి దగ్గు వచ్చింది. ఒళ్ళంతా కుదిపేసే దగ్గు. నాగరత్నం వీపు పట్టుకుంది. ఫోన్లో కోటిలింగం అడగటం మొదలుపెట్టాడు, మంచం మీది దగ్గులో ఆ అడగటం మునిగిపోతోంది.

భుజంగరావు చెయ్యి చాపి ఫోన్ ఆపాడు.

దగ్గు చాలాసేపు సాగింది. అతను కూర్చున్నాడు. గడియారం వైపు చూడలేదు, గుమ్మం వైపు చూడలేదు. చివరికి దగ్గు తగ్గింది. కోటిలింగం ఊపిరి కూడదీసుకుని, ఇక కానివ్వు అన్నట్టు తల ఊపాడు.

భుజంగరావు కాస్త వెనక్కి జరిపి మళ్ళీ నొక్కాడు. వాన వచ్చింది. దానితో పాటే మంచం మీది నుంచి మళ్ళీ దగ్గు వచ్చింది.

మళ్ళీ ఆపి కూర్చున్నాడు.